పాత ట్రాక్టర్ ఇంజన్‌లో శక్తి తగ్గడం: కారణాలను గుర్తించే పద్ధతి (చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతం)

ఒకప్పుడు మూడో గేరులో లాగిన కల్టివేటర్‌ను ఇప్పుడు రెండో గేరులో లాగాల్సి రావడం, రోటవేటర్ నేలకు దించగానే ఇంజన్ చప్పుడు అణిగిపోవడం, నిండు ట్రాలీతో ఎత్తెక్కుతూ మధ్యలో గేరు తగ్గించుకోవడం. వయసు మీదపడిన ట్రాక్టర్లలో శక్తి తగ్గడం ఈ రూపాల్లో బయటపడుతుంది. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ వైపు రైతులు దీన్ని "బండి గుంజుతలేదు" అంటారు. దీని వెనక నలిగిపోయిన ఒక రాగి వాషరు ఉండవచ్చు, లైనర్లు, పిస్టన్లు అన్నీ మార్చాల్సినంత అరుగుదల ఉండవచ్చు. రెండింటి ఖర్చుకూ పోలికే లేదు. పాత బండి అనగానే బోరు పోయిందని తీర్మానించి హెడ్ దింపే తొందర వల్ల రైతు చేతి డబ్బు, దుక్కి అదను రెండూ పోతాయి. కాబట్టి పరీక్ష బయటి నుంచి లోపలికి, ఖర్చు లేని దాని నుంచి ఖర్చున్న దాని వైపు సాగాలి. శక్తి తగ్గింది ఇంజన్‌లోనా, ఇంజన్ బయటనా అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి.

ఇక్కడి చర్చ ప్రధానంగా 25 నుంచి 45 హెచ్‌పీ మధ్య ఉండే, టర్బో లేని, మెకానికల్ డీజిల్ పంపున్న ఇంజన్ల గురించి. దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఐషర్‌తో మొదలైంది. 1960ల తొలినాళ్లలో టాఫే, మహీంద్రా, 1971లో హెచ్‌ఎంటీ, 1974లో స్వరాజ్ వచ్చాయి. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి రావడంతో ఆ తరగతిలో ఎలక్ట్రానిక్ నియంత్రణ ప్రవేశించింది. వాటిని పరీక్షించే తీరు వేరు. పాత ఇంజన్లకు కంప్యూటర్ ఉండదు. చెవి, ముక్కు, పొగ రంగు, ఒక పానా సెట్టు, కొంచెం ఓపిక ఉంటే లోపం చాలావరకు పట్టుకోవచ్చు.

నేల, ఎండ, పని

ఈ రెండు మండలాల నేల ఒకే తీరుగా ఉండదు. తూర్పున మొయినాబాద్ వైపు గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన ఎర్ర చల్క నేలలు ఎక్కువ. చేవెళ్ల దాటి పడమరగా వికారాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ బసాల్టు, దాని మీద నల్లరేగడి తగులుతాయి. ఒకే ట్రాక్టర్ పొద్దున చల్కలో, మధ్యాహ్నం రేగడిలో దున్నితే, అదే లోతుకు రేగడిలో ఎంతో ఎక్కువ లాగాల్సి వస్తుంది. తేమ తగ్గి గట్టిపడిన రేగడి మరీ మొండిది. నిన్న బాగా నడిచిన బండి ఇవాళ నీరసపడిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, నిన్న ఏ చెలకలో, ఇవాళ ఏ చెలకలో దున్నారని ముందు అడగాలి.

చల్క నేలతో ఇంకో ఇబ్బంది దుమ్ము. గ్రానైటు నుంచి వచ్చిన ఆ దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. అవి సిలిండర్ లైనర్ చేసే పోత ఇనుము కన్నా గట్టివి. ఎండాకాలం దుక్కిలో వెనక టైర్ల నుంచి లేచే ఎర్ర దుమ్ము ఇంజన్‌లోకి కొద్దిగా పోయినా రింగులను అరగదీస్తుంది.

చేవెళ్ల ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి పీడనం తీరం కన్నా 6, 7 శాతం తక్కువ. రోహిణి కార్తెలో ఎండ 42 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల రోజుతో పోల్చినప్పుడు గాలి ఇంకో 5 శాతం పలుచబడుతుంది. టర్బో లేని ఇంజన్ పీల్చే ప్రతి గుక్కలోనూ ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. మేలో కొంచెం నల్ల పొగ కొట్టి, మృగశిర వానలు పడ్డాక తేరుకునే బండిలో నిజంగా లోపం లేకపోవచ్చు. అయితే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఈ తేడాను డ్రైవర్‌కు తెలియనివ్వదు. అంచున ఉన్న పాత ఇంజనే దాన్ని బయటపెడుతుంది.

పని కూడా మారింది. టమాట, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, బంతి, చామంతి, గులాబీ పండించే ఈ ఊళ్లలో ట్రాక్టర్ దుక్కికే పరిమితం కాదు. బోదెలు తోలుతుంది, ఎరువు మోస్తుంది, మర్రిచెట్ల మధ్య సాగే హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద ట్రాలీ లాగుతుంది, నీళ్ల ట్యాంకరుకు కడతారు, ఇళ్ల నిర్మాణానికి మట్టి తోలుతుంది. కూరగాయల మడులకు మెత్తటి దుక్కి కావాలి కనుక రోటవేటర్ వాడకం ఎక్కువ. కల్టివేటర్‌కు సరిపోయిన పాత 35 హెచ్‌పీ బండికి పెద్ద సైజు రోటవేటర్ కట్టి, బండి పాతదైందని అనుకోవడం మామూలే. అక్కడ మార్చవలసింది పనిముట్టు.

ఇంజనా, బయటా?

రెండింటినీ వేరుచేయడానికి తేలికైన దారి ఇంజన్ చప్పుడు వినడం, ఆర్‌పీఎం మీటరు పనిచేస్తుంటే చూడటం. లోడు పడగానే ఇంజన్ వేగమే పడిపోతుంటే లోపం ఇంజన్‌లో ఉంది, లేదా లోడు మితిమీరింది. ఇంజన్ వేగం నిలకడగా ఉండి బండి మాత్రం నెమ్మదిస్తే క్లచ్ జారుతోంది, లేదా టైర్లు జారుతున్నాయి. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం అనవసరపు రిపేర్లు తప్పుతాయి.

తర్వాత థ్రాటిల్. చేతి లివరు మొత్తం లాగినప్పుడు పంపు మీది లివరు దాని ఆఖరి స్టాపు దాకా పోతోందా? పాత బండ్లలో లింకు రాడ్డు బుష్‌లు అరిగి, వంగి, ఆ చివరి కొద్ది దూరం అందదు. ఇంకొన్నిటిలో చేతి లివరును పట్టి ఉంచే వాషర్లు అరిగి, ఇంజన్ అదురుకు లివరు దానంతటదే వెనక్కి జారుతుంది. రేటెడ్ వేగం 2,000 ఆర్‌పీఎం ఉన్న ఇంజన్ లోడు లేకుండా పూర్తి థ్రాటిల్‌లో సాధారణంగా 2,150 నుంచి 2,200 దాకా తిరగాలి. ఏ బండికి ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. అంతవరకు తిరగకపోతే ముందు లింకు, ఆ తర్వాత పంపులోని గవర్నర్ స్ప్రింగు చూడాలి. వేగం పెంచడానికి సీలు తెంచి పంపు స్క్రూ తిప్పడం మాత్రం తప్పు. డీజిల్ ఎక్కువ పోతుంది, పొగ పెరుగుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది. అసలు లోపం ఎక్కడుందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది.

పొగ రంగు, డీజిల్ లెక్క

ఇంజన్‌లోనే లోపమని తేలాక అడగాల్సిన ప్రశ్న ఒకటి: ఇంజన్‌కు డీజిల్ చాలడం లేదా, లేక వచ్చిన డీజిల్ సరిగా కాలడం లేదా? దీనికి జవాబు సైలెన్సర్ చెబుతుంది.

బలం లేదు, పొగా లేదు అంటే డీజిల్ అందడం లేదు. ఫిల్టర్, ఫీడ్ పంపు, పైపుల్లో గాలి, థ్రాటిల్ లింకు వైపు చూడాలి. బలం లేదు, నల్ల పొగ దట్టంగా ఉంది అంటే డీజిల్ అందుతోంది కానీ దానికి తగిన గాలి లేదు, లేదా నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా చల్లడం లేదు, లేదా లోడు ఎక్కువైంది. స్టార్టు చేయగానే వచ్చి, వేడెక్కాక కూడా పోని తెల్ల పొగ కాలని డీజిల్ ఆవిరి. కంప్రెషన్ తగ్గడం, డీజిల్ ఆలస్యంగా పడటం, ఒక సిలిండర్ అసలు పనిచేయకపోవడం దీనికి కారణాలు. అందులో నీటి ఆవిరి కలిసి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. నీలం పొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది.

పొగతో పాటు డీజిల్ లెక్క కూడా పెట్టుకుంటే నిర్ధారణ గట్టిపడుతుంది. మంచి స్థితిలో ఉన్న ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ పూర్తి లోడు మీద ఒక లీటరుతో గంటకు నాలుగు హెచ్‌పీ పైగా పని ఇస్తుంది. పీటీవో (పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు) దగ్గర 30 హెచ్‌పీ ఇవ్వగల బండి నిండు లోడు మీద గంటకు ఏడు లీటర్ల దాకా తాగడం సహజం. ట్యాంకు నిండా పోసి, ఒక గంట రోటవేటర్ తోలి, మళ్లీ నింపినప్పుడు ఎంత పట్టిందో చూస్తే చాలు. నిండు థ్రాటిల్ మీద నాలుగు లీటర్లే తాగి బలహీనంగా నడిచిందంటే ఆ ఇంజన్ ఆకలితో ఉంది. ఏడెనిమిది లీటర్లు తాగి కూడా లాగలేదంటే తిన్నది ఒంటపట్టడం లేదు. మొదటి రకం బండికి హెడ్ దింపితే లోపల ఏమీ దొరకదు.

గాలి

ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలడానికి కనీసం 12 కిలోల గాలి కావాలి. అంటే 10,000 లీటర్ల పైమాటే. పొగ లేకుండా కాలాలంటే అంతకన్నా ఎక్కువే పీల్చాలి. రోజుకు 40 లీటర్లు కాల్చే ట్రాక్టర్ సాయంత్రానికి 4 లక్షల లీటర్లకు మించిన గాలిని, అదీ దుమ్ము మేఘం మధ్యలో నిలబడి, పీల్చుకుంటుంది. పాత బండ్లలో ఈ భారమంతా ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ మోస్తుంది. కింది గిన్నెలోని ఆయిల్ దుమ్మును పట్టుకుంటుంది, పైనున్న తీగ జాలీ మిగిలినదాన్ని ఆపుతుంది. దుక్కి రోజుల్లో ఈ గిన్నెను రోజూ విప్పి చూడాలి. ఆయిల్ అడుగున బురద పేరుకుంటే, ఆయిల్ చిక్కబడితే మార్చాలి. గీత దాటి ఎక్కువ పోయకూడదు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజన్ లోపలికి పీల్చుకుంటే అదే ఇంధనమై, థ్రాటిల్ మాట వినకుండా ఇంజన్ పరుగెత్తే ప్రమాదం ఉంది. జాలీని ఏళ్ల తరబడి డీజిల్‌తో కడగకపోతే అది మూసుకుపోయి నల్ల పొగ మొదలవుతుంది.

గాలి తగ్గడం కన్నా వడకట్టని గాలి పోవడం ఎక్కువ నష్టం. ఎయిర్ క్లీనర్ నుంచి మ్యానిఫోల్డ్‌కు పోయే రబ్బరు పైపు ఎండకు పగిలి ఉంటుంది, క్లిప్పు వదులై ఉంటుంది. ఆ సందులోంచి పోయే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి చేరుతుంది. పరీక్ష చాలా తేలిక. పైపు విప్పి మ్యానిఫోల్డ్ వైపు లోపల వేలితో తుడవాలి. వేలికి ఎర్ర దుమ్ము అంటితే క్లీనర్ పక్క నుంచి గాలి దొంగదారిన పోతున్నట్టే. ఇంజన్ పని మొత్తం చేయించి, కొత్త రింగులు వేయించి, ఈ పాత రబ్బరు పైపునే తిరిగి బిగిస్తే కొత్త రింగులు ఒకటి రెండు పంటలకే అరిగిపోతాయి. ట్రాక్టర్ రిపేర్లలో ఇంత చిన్న వస్తువు ఇంత పెద్ద నష్టం తెచ్చే సందర్భం మరొకటి లేదు. దీన్ని ప్రతి రైతూ స్వయంగా చూసుకోవాలి.

బయటికి పోయే దారి కూడా చూడాలి. వాడకుండా కొన్ని నెలలు నిలిపిన బండి సైలెన్సర్‌లో కందిరీగలు మట్టి గూళ్లు కట్టడం, లోపలి రేకు విరిగి అడ్డుపడటం, మసి పేరుకోవడం జరుగుతాయి. సైలెన్సర్ విప్పి ఒక్క నిమిషం లోడు మీద నడిపితే సంగతి తెలుస్తుంది.

డీజిల్ దారి

ట్యాంకు మూతకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో ఖాళీ ఏర్పడి డీజిల్ కిందికి దిగదు. బండి స్టార్టవుతుంది, అరగంట బాగా నడుస్తుంది, ఆ తర్వాత అణిగి ఆగిపోతుంది. కాసేపాగి స్టార్టు చేస్తే మళ్లీ నడుస్తుంది. అలాంటప్పుడు మూత వదులు చేసి చూడాలి. బలం తిరిగి వస్తే రిపేరు ఒక సూదితో అయిపోతుంది.

ట్యాంకు తర్వాత జాలీ, నీళ్లు దిగే గ్లాసు గిన్నె, ఫీడ్ పంపు, రెండు ఫిల్టర్లు, ఇంజెక్షన్ పంపు వరుసగా వస్తాయి. ఊళ్లలో డీజిల్‌ను క్యాన్లలో, డ్రమ్ముల్లో తెచ్చి నిల్వ ఉంచుతారు. రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము పీల్చుకున్న గాలిలోని తేమ లోపల నీరై అడుగు చేరుతుంది. వానాకాలంలో ఇది ఎక్కువ. డ్రమ్ము అడుగు నుంచి తోడకుండా, గుడ్డలో వడకట్టి పోయడం పంపు ఆయుష్షును పెంచుతుంది. కిరోసిన్ కలిపిన డీజిల్‌తో ఇంజన్ నడవక పోదు గానీ, డీజిలే కందెనగా పనిచేసే పంపు ఎలిమెంట్లు, నాజిల్ సూదులు దానితో త్వరగా అరుగుతాయి.

రెండు ఫిల్టర్లనూ ఒకేసారి మార్చకూడదని, ముందుది మార్చినప్పుడు రెండోదాన్ని ఉంచాలని చాలా కంపెనీల మాన్యువళ్లు చెబుతాయి. విప్పినప్పుడు జారే మురికిని రెండోది ఆపుతుంది. ఫీడ్ పంపు బలం చూడాలంటే ఫిల్టర్‌కు పోయే పైపు విప్పి, ఇంజన్‌ను సెల్ఫ్‌తో తిప్పినప్పుడు డీజిల్ జోరుగా చిమ్ముతోందో, బొట్లు బొట్లుగా వస్తోందో గమనించాలి. డయాఫ్రం రకం ఫీడ్ పంపు చిరిగితే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వేస్తే బండిని అక్కడికక్కడ ఆపేయాలి.

పైపుల్లో గాలి చేరడం పాత బండ్లకు తరచూ వచ్చే జబ్బు. ఫీడ్ పంపు దాటిన తర్వాత ఎక్కడ లీకున్నా డీజిల్ కారి కనిపిస్తుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనున్న లీకు మాత్రం కారదు, గాలిని పీలుస్తుంది. బయట చుక్క డీజిల్ లేకపోయినా ఇంజన్ వేగం ఊగుతూ ఉంటుంది. ఫీడ్ పంపుకూ ఫిల్టర్‌కూ మధ్య జానెడు పారదర్శక ప్లాస్టిక్ పైపు తగిలిస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. తప్పు ఎక్కువగా బాంజో బోల్టుల కింది రాగి వాషర్లలో ఉంటుంది. ఒకసారి నలిగినవాటిని తిరిగి వాడకుండా కొత్తవి వేయాలి. ఎయిర్ తీసేటప్పుడు ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి, మొదటి ఫిల్టర్ స్క్రూ, రెండో ఫిల్టర్ స్క్రూ, పంపు స్క్రూ, చివర నాజిల్ పైపు నట్లు అన్న క్రమం పాటించాలి.

నాజిల్, పంపు

ఇంజెక్షన్ పంపును పెద్ద సంఖ్యలో తయారు చేయడం 1927లో జర్మనీలో బాష్ కంపెనీ మొదలుపెట్టాకే చిన్న డీజిల్ ఇంజన్లు వాహనాలకు, ట్రాక్టర్లకు అనువైనవయ్యాయి. అదే సంస్థ 1951లో మన దేశంలో మైకో పేరుతో అడుగుపెట్టింది. అందుకే పాత మెకానిక్‌లు నేటికీ మైకో పంపు, మైకో నాజిల్ అంటారు.

నాజిల్ సాధారణంగా 170 నుంచి 250 బార్ల మధ్య, ఆ ఇంజన్‌కు నిర్ణయించిన పీడనం దగ్గర తెరుచుకుని డీజిల్‌ను మంచులా చల్లాలి. స్ప్రింగు బలహీనపడితే పీడనం తగ్గుతుంది, సూది సరిగా కూర్చోకపోతే చివర బొట్టు కారుతుంది. ఆ బొట్టు ఆలస్యంగా, మసిగా కాలుతుంది. నాజిల్ కింద ఒకటి ఉండాల్సిన చోట రెండు వాషర్లు వేస్తే చల్లే చోటు పైకి జరిగి, పిస్టన్ తలలోని గిన్నెలో పడాల్సిన డీజిల్ గోడలకు తగులుతుంది. కొత్త నాజిళ్లు వేయించినా నల్ల పొగ పోలేదంటే వాషర్లు లెక్కపెట్టి చూడటం మంచిది.

ఏ సిలిండర్ బలహీనమో తేల్చడానికి ఇంజన్‌ను నిదానంగా నడుపుతూ ఒక్కో నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. మంచి సిలిండర్ ఆగినప్పుడు ఇంజన్ కుంటుతుంది. వదులు చేసినా చప్పుడులో మార్పు రాని సిలిండరే పనిచేయనిది. మూడు సిలిండర్ల బండిలో ఒకటి ఆగితే మూడో వంతుకు మించి బలం పోతుంది, ఎందుకంటే చచ్చిన సిలిండర్‌ను మిగతా రెండూ మోయాలి. ఒకే సిలిండర్ ఉన్న పాత ఐషర్ బండ్లకు ఈ పరీక్ష కుదరదు. నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, చేయి, ముఖం దూరంగా ఉంచాలి. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి సూది పోటంత గాయమే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, లేకపోతే వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

బలహీన సిలిండర్ దొరికాక దాని నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి మళ్లీ చూడాలి. లోపం నాజిల్‌తో పాటు పక్కకు పోతే నాజిల్ చెడింది. అక్కడే ఉండిపోతే పంపు ఎలిమెంటు గానీ, ఆ సిలిండర్ కంప్రెషన్ గానీ కారణం. పైసా ఖర్చు లేని ఈ మార్పిడి పరీక్షను ఎవరూ వదులుకోకూడదు. పంపును మాత్రం ఊళ్లో విప్పించకూడదు. అన్ని ఎలిమెంట్లూ సమానంగా డీజిల్ ఇస్తున్నాయో లేదో కాలిబ్రేషన్ బెంచి మీదే తెలుస్తుంది. దాన్ని తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ గుర్తులు కలపాలి. ఆలస్యపు టైమింగ్‌తో ఇంజన్ మెత్తగా, నీరసంగా, వేడిగా నడుస్తుంది.

కంప్రెషన్

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని 16 నుంచి 20 రెట్లు కుదించినప్పుడు పుట్టే 500 డిగ్రీలకు మించిన వేడే డీజిల్‌ను అంటిస్తుంది. ఆ గాలి వాల్వుల దగ్గర, గాస్కెట్ దగ్గర, రింగుల దగ్గర కారిపోతే వేడి చాలదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కారడానికి సమయం ఎక్కువ. అందుకే కంప్రెషన్ లోపం మొదట పొద్దుటి స్టార్టింగులో బయటపడుతుంది. చలికాలం తెల్లవారి సెల్ఫ్ కొట్టగానే లేచే ఇంజన్ లోడు మీద మాత్రమే నీరసిస్తుంటే బోరు మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. డీజిల్, గాలి వైపు చూడాలి. సెల్ఫ్‌కు లేవక, తోస్తే లేచి, వేడెక్కాక కొంత మెరుగుపడే ఇంజన్‌లోనే అరుగుదల ఎక్కువగా ఉంటుంది. ఈ వ్యాసంలోని పరీక్షల్లో పాత బండి కొనేవారికి అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. కొనే రోజు ఇంజన్ చల్లగా ఉండగానే చేరుకుని, మొదటి స్టార్టింగు కళ్లారా చూడాలి.

కంప్రెషన్‌లో చవకైన లోపం టాపెట్లది. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి కారుతుంది, వాల్వు అంచు కాలుతుంది. ఎక్కువైతే టక్‌టక్ చప్పుడు వచ్చి, వాల్వు తెరుచుకునే సమయం తగ్గి గాలి చాలదు. ఎంత సందు ఉండాలో, వేడి మీదనా చల్లగానా ఎప్పుడు కట్టాలో మాన్యువల్ ప్రకారం ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి. చేతి అంచనాతో కట్టడం సరికాదు.

టాపెట్లు సరిగా ఉన్నాక గేజ్‌తో ఒక్కో సిలిండర్ పీడనం కొలుస్తారు. సంఖ్య కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ ఒకేలా కొద్దిగా తగ్గితే వయసు. ఒక్కటే బాగా తగ్గితే వాల్వు గానీ రింగు గానీ. పక్కపక్కన ఉన్న రెండు కలిసి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయింది. తగ్గిన సిలిండర్‌లో కొన్ని చుక్కల ఆయిల్ వేసి మళ్లీ కొలిచినప్పుడు పీడనం పెరిగితే రింగుల అరుగుదల, పెరగకపోతే వాల్వు. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైన మిగిలే చోటు చాలా కొంచెం కాబట్టి ఎక్కువ ఆయిల్ పోస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

గేజ్ లేని చోట ఆయిల్ పోసే మూత తీసి చూస్తారు. అరిగిన రింగుల పక్కనుంచి దిగిన గ్యాసు అక్కడినుంచి, బ్రీదర్ నుంచి బుసబుస వస్తుంది. కొంత గ్యాసు కొత్త ఇంజన్లలోనూ ఉంటుంది. దానికి నీలం పొగ, తరచూ ఆయిల్ తగ్గడం తోడైతేనే హెడ్ దింపే నిర్ణయానికి రావాలి.

వేడి

మిరప, పత్తి, మక్క చెలకల్లో తిరిగిన రేడియేటర్ రెక్కల మధ్య పొట్టు, దూది, దుమ్ము నిండుతాయి. ఫ్యాన్ బెల్టు సాగుతుంది. ఇంజన్ వేడెక్కితే లోపలికి పోయే గాలి పలుచబడుతుంది, ఆయిల్ పలుచబడుతుంది, పిస్టన్ బిగుస్తుంది. దుక్కి మొదట్లో బాగుండి గంట తర్వాత నీరసించే బండికి రేడియేటర్‌ను వెనక నుంచి ముందుకు గాలితో ఊదించడం మొదటి చికిత్స. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం మాత్రం మేలు చేయదు. ఎప్పుడూ చల్లగా నడిచే ఇంజన్‌లో డీజిల్ సరిగా కాలదు, లైనర్లు త్వరగా అరుగుతాయి.

చక్రాల దాకా చేరని బలం

ఇంజన్ సరిగా ఉండి బండి గుంజకపోతే క్లచ్ ప్లేటు, బ్రేకులు, టైర్లు మిగులుతాయి. క్లచ్ పెడల్‌కు మాన్యువల్ చెప్పినంత ఖాళీ ఆట లేకపోతే ప్లేటు సగం పట్టుకుని జారుతూ కాలుతుంది. కాలిన వాసన వస్తుంది. డ్రైవర్ కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉంచే అలవాటు కూడా దీనికి కారణం. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే బ్రేకు పట్టేసి ఉందో లేదో తెలుస్తుంది.

టైరు జారుడును కొలవవచ్చు. వెనక చక్రానికి సుద్దతో గీత పెట్టి, పనిముట్టు పైకెత్తి పది చుట్లు పోనిచ్చి దూరం కొలవాలి. అదే చెలకలో పనిముట్టు దించి మళ్లీ పది చుట్లు. మొదటిది 40 మీటర్లు, రెండోది 34 మీటర్లు వస్తే 15 శాతం జారుడు. దుక్కిలో అంతవరకు మామూలే. 25 శాతం దాటితే బలంలో నాలుగో వంతు మట్టిని తవ్వడానికే పోతోంది. గుబ్బలు అరిగిన టైరు, చాలని బరువు, అదనుకు ముందే దిగిన తడి రేగడి కారణాలు. చక్రాలకు బరువులు తగిలించడం, ట్యూబులో నీళ్లు నింపడం పాత పద్ధతులే అయినా బాగా పనిచేస్తాయి.

రోటవేటర్ విషయంలో బ్లేళ్లు అరిగాయా, కుడి ఎడమలు తారుమారయ్యాయా అని చూడాలి. వీపు వైపు నేలకు తగిలే బ్లేడు మట్టిని కోయకుండా కొడుతుంది.

    

ఇంజన్ పని చేయించాల్సి వస్తే

పైవన్నీ చూశాక కూడా కంప్రెషన్ తక్కువ, నీలం పొగ, ఆయిల్ ఖర్చు మూడూ నిలిస్తే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చక తప్పదు. విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి. కిట్టు పెట్టె మీది పార్టు నంబరు బండి మాన్యువల్‌తో సరిపోవాలి. ఒక్క సిలిండరే చెడిందని దానికొక్కదానికే కొత్త పిస్టన్ వేసేటప్పుడు దాని బరువు మిగతావాటితో సమానంగా ఉందో చూడాలి. క్రాంకు జర్నళ్లను మైక్రోమీటర్‌తో కొలిపించకుండా కొత్త బేరింగులు వేయించకూడదు. ఎంత శక్తి తిరిగి రావాలో ముందే తెలుసుకోవాలంటే మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర యంత్ర పరీక్షా సంస్థ నివేదికలు చూసుకోవచ్చు. ఆయా మోడళ్లకు బుద్నీ ఇచ్చే పరీక్షా నివేదికల్లో పీటీవో దగ్గర కొలిచిన గరిష్ఠ శక్తి, డీజిల్ ఖర్చు ఉంటాయి. ప్రకటనల్లో కనిపించే హెచ్‌పీ ఇంజన్‌ది. పీటీవో దగ్గర అంతకన్నా తక్కువే దొరుకుతుంది.

పని పూర్తయ్యాక మొదటి 50 గంటలు బండిని మధ్యస్థపు లోడు మీదే నడపాలి. ఎక్కువసేపు ఊరికే ఐడిలింగులో ఉంచినా లైనర్ గోడ నునుపెక్కి రింగులు సరిగా కూర్చోవు. ఆ గంటలు ముగిశాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, టాపెట్లు మళ్లీ చూసి, మాన్యువల్ చెప్పిన చోట హెడ్ బోల్టులను టార్క్ రెంచితో తిరిగి బిగించాలి.